మొరిగే కుక్కకు దూరమే మందు

ఉధనా దాటి జల్‌గావ్ వైపు సాగే రైలు మార్గం పక్కన, సూరత్‌కు ఆగ్నేయ కొసన ఉంటుంది డిండోలి. అహ్మదాబాద్ నుంచి వరంగల్, విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌ది ఈ దారే. సాంచల (మరమగ్గాల) మీద పని వెతుక్కుంటూ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు పక్కనున్న లింబాయత్‌లో, ఇటు డిండోలిలో ఏళ్ల తరబడి కాపురం ఉంటున్నాయి. తండ్రికి కార్ఖానాలో 12 గంటల షిఫ్టు, తల్లికి ఇంట్లోనే చీరల పని, పిల్లలకు కాలేజీ, సాయంత్రం ట్యూషన్లు. అలాంటి ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి వీధిలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి పెంచిందనుకుందాం. ఇంట్లో అది బంగారం. చెప్పిన మాట వింటుంది, పుస్తకాల పక్కనే ముడుచుకుని పడుకుంటుంది. ఏడాది నిండాక గల్లీలోకి తీసుకెళ్తే మాత్రం, ఇంకో కుక్క కంటపడగానే రెండు కాళ్ల మీద లేచి, గొలుసు తెంపుకునేంత పని చేస్తుంది. పేరు పెట్టి పిలిచినా చెవిన పడదు.

గల్లీ తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "దానికి పొగరెక్కింది. నాలుగు తగిలిస్తే అదే దారికొస్తది." ఈ తీర్పు తప్పని చెప్పడానికి ప్రయోగశాలల్లో వందేళ్లుగా పోగైన ఆధారాలున్నాయి. మామూలు దృశ్యానికో చప్పుడుకో ఉండాల్సినదానికి మించి ఎగిరిపడే కుక్కల్ని ట్రైనర్లు 'రియాక్టివ్' అంటారు. ఇవన్నీ కరిచే కుక్కలు కావు. ఎక్కువ శాతం భయంతో అరుస్తాయి, కొన్ని అవతలి కుక్క దగ్గరకు పోనివ్వడం లేదన్న ఉక్రోషంతో అరుస్తాయి. రెండింటికీ మొదటి మందు ఒకటే, దూరం. డిండోలి లాంటి చోట దొరకనిది కూడా అదే. చదువుతో సతమతమయ్యే విద్యార్థి అసలు సమస్య టైము చాలకపోవడం అనుకుంటుంది. నిజానికి తక్కువ పడుతున్నవి గంటలు కావు, మీటర్లు.

మూడు సెకన్లలో జరిగేది

రియాక్టివ్ కుక్కతో నడిచేవాళ్లు మొరుగుడు మొదలయ్యాకే గమనిస్తారు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. గల్లీ చివర ఎర్ర కుక్కొకటి లేచి నిలబడింది. మన కుక్క అప్పటిదాకా నోరు కాస్త తెరిచి, నాలుక బయటపెట్టి నడుస్తోంది. మొదట ఆ నోరు మూతపడుతుంది. చెవులు ముందుకు తిరుగుతాయి. వేగం తగ్గి, ఒళ్లంతా బిర్రబిగుస్తుంది. బరువు వెనక కాళ్ల మీంచి ముందు కాళ్ల మీదికి వస్తుంది. వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. చూపు అక్కడే అతుక్కుపోతుంది. ఆ తర్వాతే మొరుగుడు.

ఇదంతా రెండు మూడు సెకన్ల పని. మెదడులో ముప్పును పసిగట్టే అమిగ్డలా అనే భాగం ఈలోగా శరీరాన్ని పోరుకో పరుగుకో సిద్ధం చేసేస్తుంది. అడ్రినలిన్ క్షణాల్లో రక్తంలోకి దిగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. కార్టిసాల్ అనే మరో హార్మోన్ కాస్త నెమ్మదిగా, నిమిషాల మీద పెరిగి, గంటా ఆ పైన కూడా ఒంట్లో ఉంటుంది. ఈ స్థితిలో కుక్కకు 'కూర్చో' అన్న మాట వినబడకపోవడం తలపొగరు వల్ల కాదు. ప్రాణం మీదికి వచ్చిందనుకున్న మెదడు నేర్చుకునే పనిని పక్కన పెట్టేస్తుంది. మూతి ముందు చికెన్ ముక్క పెట్టినా తినదు. ఎంత ఇష్టమైన తిండినైనా కాదంటోందంటే, నేర్పగల గీత దాటిపోయిందని అర్థం. ఆ గీతనే ట్రైనర్లు థ్రెషోల్డ్ అంటారు.

కార్టిసాల్ ఆలస్యంగా దిగుతుంది కాబట్టి ఇంకో చిక్కు ఉంది. పొద్దున్నే సిలిండర్ల బండి చప్పుడు, పదింటికి తలుపు దగ్గర పార్సిల్ అబ్బాయి, మధ్యాహ్నం మేడ మీద కోతి. ఒక్కోటి విడిగా చూస్తే చిన్నదే. అన్నీ ఒక రోజే మీదపడితే సాయంత్రం గల్లీలో దూరంగా కనబడిన కుక్కపిల్ల కూడా మన కుక్కను పొయ్యి మీది పాలలా పొంగిస్తుంది. "నిన్న ఏమనలేదు, ఇవాళ ఏమైంది దీనికి" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఆ కుక్కపిల్లలో ఉండదు, అంతకు ముందు గడిచిన గంటల్లో ఉంటుంది.

గొలుసు ఉన్నప్పుడే ఎందుకు

వీధికుక్కలు రెండు ఎదురుపడితే ఏం చేస్తాయో చూస్తే విషయం తేలిపోతుంది. ఎదురెదురుగా ముక్కుసూటిగా రావు. పక్కకు వంపు తిరుగుతాయి, మొహం తిప్పుకుంటాయి, లేని వాసన నేల మీద వెతుకుతాయి. ఇష్టం లేనిది వెనక్కి తగ్గుతుంది. చాలా తగాదాలు అలా అరుపులతో, చూపులతో తీరిపోతాయి. గొలుసు కట్టిన కుక్కకు ఈ వెసులుబాటు లేదు. ఇరుకు గల్లీలో మనమే దాన్ని ఎదుటి కుక్క మీదికి నేరుగా నడిపిస్తాం. పారిపోయే దారి మూసుకుపోయాక దానికి మిగిలింది గొంతొక్కటే.

ఆ గొంతు పనిచేస్తుంది కూడా. మొరిగింది, మనం భయపడి వెనక్కి లాక్కొచ్చాం, ఎదుటి కుక్క దూరమైంది. కుక్క లెక్కలో మొరిగితే ముప్పు పోయింది. కిటికీ దగ్గర కూర్చుని వచ్చీపోయే వాళ్ల మీద అరిచే కుక్కకు ఈ పాఠం రోజుకు యాభైసార్లు పడుతుంది. పోయేవాళ్లు తమ దారిన తాము పోతున్నారు, కుక్క మాత్రం తానే తరిమేశాననుకుంటుంది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ చెప్పిన సూత్రం ఇక్కడ అచ్చంగా వర్తిస్తుంది. ఏ పనికి ఫలితం దక్కుతుందో ఆ పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. అందుకే రియాక్టివ్ కుక్క ఉన్న ఇంట్లో మొదటి శిక్షణ కిటికీ కింది సగానికి కాగితం అంటించడం, గ్రిల్లు దగ్గర పరదా కట్టడం. డబ్బు ఖర్చు లేదు, పూటలో అయిపోతుంది.

వీధిలో పుట్టిన కుక్కకు ఈ భయం ఎక్కువగా ఉండటానికి గట్టి కారణాలున్నాయి. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో పుస్తకం వేశారు. సుమారు 3 వారాల నుంచి 12 వారాల వయసు దాకా కుక్కపిల్ల మెదడు లోకాన్ని 'ఇది మామూలే' అని నమోదు చేసుకుంటుందని వాళ్లు చూపించారు. ఆ వయసులో మంచిగా పరిచయం కానిది పెద్దయ్యాక అనుమానాస్పదమే. మన దేశంలో కోల్‌కతాలోని ఐసర్ అనే పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం వీధికుక్కల్ని ఏళ్లుగా పరిశీలిస్తోంది. 2016లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం 364 కుక్కపిల్లల్లో పిల్లలు పెట్టే వయసుదాకా బతికినవి 19 శాతమే. చావుల్లో ఎక్కువ భాగానికి ఏదో ఒక రకంగా మనుషులే కారణం. అలాంటి బాల్యం గడిపిన జీవికి కొత్తదాన్ని చూసి ఉలిక్కిపడటం బతకడానికి పనికొచ్చిన తెలివి.

పెంపకం ఒక్కటే కాదు, నొప్పిని కూడా చూడాలి. ఇంగ్లండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం 2020లో రాసిన వ్యాసం ప్రకారం, ప్రవర్తన బాగోలేదని నిపుణుల దగ్గరికి వచ్చిన కుక్కల్లో తక్కువలో తక్కువ మూడోవంతుకు ఏదో ఒక నొప్పి ఉంటుంది. తుంటి కీలు, పన్ను, చెవి, చర్మం. నిన్నటిదాకా బాగున్న కుక్క ఉన్నట్టుండి మారిపోతే ట్రైనర్ కన్నా ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

కొడితే ఏం నేర్చుకుంటుంది

రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ పేరు చెబితే గంట, చొంగ గుర్తొస్తాయి. ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పనికి. ఆ పనిలోనే ఆయన కుక్కలు ఒక సంగతి బయటపెట్టాయి. తిండికి ముందు ఏది వస్తుందో ఒళ్లు దానికి కూడా ముందుగానే స్పందించడం మొదలుపెడుతుంది. ఇందులో కుక్క ఆలోచించేది, ఒప్పుకునేది ఏమీ లేదు. చొంగ దానంతటదే కారుతుంది.

దీన్ని గల్లీకి అన్వయించి చూడండి. ఎదుటి కుక్క కనబడింది, వెంటనే మెడ మీద గొలుసు ఝాడింపు, వీపు మీద దెబ్బ, యజమాని అరుపు. మనం శిక్షించింది మొరుగుడును. కుక్క ఒంటికి అందిన వార్త మాత్రం వేరు: ఇంకో కుక్క కనబడితే నొప్పి ఖాయం. భయం రెట్టింపవుతుంది. కొన్ని కుక్కలు దెబ్బలకు మొరగడం మానేస్తాయి, లోపలి భయం అలాగే ఉంటుంది. అలాంటివే ఒకరోజు హెచ్చరిక లేకుండా కరుస్తాయి, ఎందుకంటే హెచ్చరించినప్పుడల్లా వాటిని కొట్టాం.

పోర్చుగల్‌లోని పోర్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో 92 పెంపుడు కుక్కల మీద ఇదే పరీక్షించారు. బహుమతులతో నేర్పే స్కూళ్లలోని కుక్కల్ని, గొలుసు ఝాడింపులు, అరుపులతో నేర్పే స్కూళ్లలోని కుక్కల్ని పోల్చారు. రెండో రకం కుక్కల్లో క్లాసు తర్వాత లాలాజలంలో కార్టిసాల్ ఎక్కువ పెరిగింది. క్లాసు లేని వేళ పెట్టిన పరీక్షలో కూడా, గిన్నెలో తిండి ఉందో లేదో తేలని చోట, బాగా కఠినంగా నేర్పిన కుక్కలు 'ఉండదులే' అన్నట్టు నెమ్మదిగా నడిచాయి.

"నువ్వే గుంపు నాయకుడివని దానికి తెలియాలి" అనే సలహాకు మూలం స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూ. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అక్కడ బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం కొట్లాడుకోవడం చూసి రాశాడు. పెత్తనం చేసే తోడేలును 'ఆల్ఫా' అనే ఆ మాటను తన 1970 నాటి పుస్తకంతో ఇంటింటికీ చేర్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్, 1999లో తానే వెనక్కి తీసుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు ఉన్న కుటుంబమని, అక్కడ పెత్తనానికి పోటీలు అరుదని అడవిలోనే గమనించి రాశాడు. టీవీ ట్రైనర్లకు ఆ వార్త ఇంకా అందినట్టు లేదు.

పీటర్, కుందేలు

రియాక్టివ్ కుక్కకు ఇవాళ వాడే చికిత్స మొదట ఒక పిల్లాడి మీద పరీక్షించినది. 1924లో న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలి దగ్గరికి పీటర్ అనే మూడేళ్లు కూడా నిండని బాబు వచ్చాడు. కుందేలు కనబడితే చాలు ఏడుపు. ఆమె ఆ బాబును కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెడుతూ, బోనులో ఉన్న కుందేలును గదికి అవతలి చివర ఉంచింది. వాడు తినడం ఆపనంత దూరంలో, వాడి భయం మేల్కొననంత దూరంలో. ఆ దూరం రోజురోజుకూ తగ్గింది. చివరికి కుందేలును పక్కన పెట్టుకుని తిన్నాడు.

ఈ కథలో ట్రైనర్లు చెప్పని భాగం ఒకటుంది. మొదట కొంత మెరుగుపడ్డాక పీటర్‌కు స్కార్లెట్ జ్వరం వచ్చి ఆస్పత్రి పాలయ్యాడు. అక్కణ్నుంచి ఇంటికి పోయేందుకు ట్యాక్సీ ఎక్కుతుంటే పెద్ద కుక్కొకటి మీదికి దూకింది. పాత భయం మొత్తం తిరిగొచ్చింది. జోన్స్ తిండితో కూడిన పద్ధతి మొదలుపెట్టింది ఆ తర్వాతే. తర్వాతి దశాబ్దాల్లో దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పే అనే మానసిక వైద్యుడు పిల్లుల మీద ఇదే సూత్రం పరీక్షించాడు. షాకు తిన్న గదిలో తిండి ముట్టని పిల్లులకు, ఆ గదికి అంతగా పోలిక లేని గదిలో తిండి పెట్టి, ఒక్కో మెట్టు దగ్గరవుతూ వచ్చాడు. 1958లో ఆయన పుస్తకం వచ్చాక మనుషుల భయాలకు ఇది మామూలు వైద్యమైంది.

కుక్కకు వర్తించే పద్ధతి ఇది. ఎదుటి కుక్క కనబడినా మనది తినగలిగేంత దూరం కనిపెట్టాలి. ఒక కుక్కకు అది పది మీటర్లు, ఇంకోదానికి అరవై. ఆ దూరంలో నిలబడి, మన కుక్క అటు చూసిన క్షణంలో నోటికి ముక్క అందించాలి. చూడగానే ముక్క, చూడగానే ముక్క. ఎదుటి కుక్క కనుమరుగైతే ముక్కలు బంద్. ఈ వరుస తారుమారైతే ఫలితం ఉండదు. ముక్క ముందొచ్చి కుక్క తర్వాతొస్తే, సంచి చప్పుడు వినబడగానే మనది 'ఇక ఏదో రాబోతోంది' అని భయపడటం నేర్చుకుంటుంది.

కొన్ని రోజుల తర్వాత ఒక మలుపు వస్తుంది. ఎదుటి కుక్కను చూసి, దానంతటదే మెడ తిప్పి మన మొహంలోకి చూస్తుంది, ముక్క ఏదీ అన్నట్టు. లెస్లీ మెక్‌డెవిట్ అనే అమెరికన్ ట్రైనర్ 2007లో తన పుస్తకంలో దీన్నే ఆటగా మార్చింది. అప్పటి నుంచి చూసినందుకు కాక, చూసి మన వైపు తిరిగినందుకు ముక్క. భయపడాల్సిన దృశ్యం మెల్లగా పనికి సంకేతమైపోతుంది. అప్పుడు అడుగు ముందుకు వేయొచ్చు. మొరిగితే కోప్పడే పని లేదు. దగ్గరికి పోయామని మనకు తెలిసింది, అంతే. వెనక్కి తిరిగి దూరం పెంచాలి.

ముక్క శనగగింజంత చాలు, రుచి మాత్రం ఇంటి తిండిని మించాలి. ఉప్పూ ఉల్లీ వేయకుండా ఉడికించిన చికెన్ బాగా పనిచేస్తుంది. ఉల్లిపాయ, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. మాంసం గడప దాటనివ్వని ఇంటి ఓనర్లు సూరత్‌లో కొల్లలు, అక్కడ పనీర్ ముక్కలు వాడొచ్చు. మెడ పట్టీకి బదులు ఛాతీకి వేసే హార్నెస్ ఉంటే లాగినా గొంతు బిగుసుకోదు.

ఇరుకు గల్లీలో మీటర్లు సంపాదించడం

పుస్తకాల్లో పచ్చిక మైదానాలుంటాయి. డిండోలిలో ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, గల్లీలో బైకులు, చీరల బేళ్లు మోసే టెంపోలు, టీ బండ్లు. అరవై మీటర్లు ఎక్కణ్నుంచి తేవాలి? మూడు దారులున్నాయి.

మొదటిది వేళ. వీధికుక్కల గుంపులు తమ హద్దుల్లోనే తిరుగుతాయి, వాటికీ దినచర్య ఉంటుంది. తెల్లవారుజామున, సందె వేళ తిరుగుడు ఎక్కువ, ఎండ ముదిరాక నీడ చూసుకుని పడుకుంటాయి. కుక్క లేకుండా, కాలేజీకి పోతూ వస్తూ, ఏ గుంపు ఎక్కడ ఏ వేళకు ఉంటుందో నోటుబుక్కులో గల్లీ పటం గీసుకోవాలి. మటన్ దుకాణం, చెత్త కుండీ, రోజూ రొట్టెలేసే గుమ్మం, ఈ మూడూ తెలిస్తే సగం పటం పూర్తయినట్టే. షిఫ్టు మారే వేళ, ట్యూషన్లు వదిలే వేళ మనుషుల రద్దీకి గుర్తులు. చలికాలంలో మధ్యాహ్నం బయల్దేరడం మేలు. ఎండాకాలంలో చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడాలి, మన చర్మం ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

రెండోది అడ్డు. కంటికి కనబడకపోతే మెదడు లెక్కలో అది దూరమే. ఆగి ఉన్న టెంపో, పిట్టగోడ, మెట్ల కింద సందు, ఇవన్నీ మీటర్లే. నడిచేటప్పుడు వచ్చే పది అడుగుల్లో దాక్కునే చోటు ఎక్కడుందో కన్నేసి ఉంచడం అలవాటవ్వాలి. ఉన్నట్టుండి వెనక్కి తిరిగే విద్యను ఇంట్లోనే, వరండాలోనే నేర్పాలి. 'పద' అనగానే గిర్రున తిరిగి మనతో వస్తే ముక్క. వందసార్లు సరదాగా జరిగితే, ఆపద వేళ ఒళ్లు దానంతటదే తిరుగుతుంది.

మూడోది చోటు మార్చడం. వారానికి ఒకటి రెండుసార్లు ఖర్వాసా రోడ్డు వైపు ఖాళీ జాగాలకో, రద్దీ లేని వేళ చెరువు గట్టుకో తీసుకెళ్లి అసలు పాఠం అక్కడ పెట్టుకోవచ్చు. వారానికి రెండు రోజులు సరిపోతాయా అన్న అనుమానానికి డెన్మార్క్ నుంచి జవాబుంది. 2008లో ఇరిస్ మేయర్, యాన్ లాడెవిగ్ 18 బీగిల్ కుక్కలకు ఒకే పని నేర్పారు. కొన్నింటికి వారానికి ఒక్క క్లాసు, మిగతావాటికి ఐదు. వారానికి ఒకసారి నేర్చినవి తక్కువ క్లాసుల్లోనే పని పట్టేశాయి. రోజుల లెక్కన ఆలస్యమైనా, క్లాసుల లెక్కన లాభం. 2017లో హంగేరీ పరిశోధకులు కుక్కలకు కొత్త పని నేర్పి నిద్రపోనిస్తే, ఆ నిద్ర మెదడు తరంగాల్లో మార్పు కనబడిందని, దానికీ నేర్చుకున్నదానికీ సంబంధం ఉందని చూపించారు. భయం పోగొట్టడం బీగిళ్లకు నేర్పిన పని కన్నా కష్టం, అయినా చిన్న పాఠం, మధ్యలో విరామం అనే పద్ధతి దీనికీ మేలే చేస్తుంది. టైము దొరికిందని ఆదివారం రెండు గంటలు గల్లీల్లో తిప్పితే నష్టమే ఎక్కువ.

పరీక్షల వారంలో షికారు మానేసినా పాపం లేదు. దొడ్డికి వెళ్లి రావడానికి ఐదు నిమిషాలు, మిగతాది ఇంట్లో ముక్కుకు పని. 2019లో షార్లెట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్స్ 20 కుక్కల మీద చేసిన ప్రయోగంలో, రెండు వారాలు వాసన పట్టి వెతికే ఆట ఆడినవి ఆశావహంగా మారాయి. యజమాని పక్కనే నడవడం సాధన చేసినవి మారలేదు. డిండోలి ఇళ్లలో చీరల పని మిగిల్చిన గుడ్డముక్కలకు కొదవ ఉండదు. అట్టపెట్టెలో పెద్ద గుడ్డముక్కలు ఉండలు చుట్టి పడేసి, మధ్యలో పనీర్ ముక్కలు దాస్తే పావుగంట దానికి లోకం కనబడదు. పీలికలు, దారాలు మాత్రం వద్దు, మింగితే పేగుకు అడ్డం పడతాయి. అమ్మాయి ఈలోగా ఒక చాప్టర్ తిరగేయొచ్చు.

ఇరుగుపొరుగు

గల్లీలో తెలుగు, మరాఠీ, గుజరాతీ, హిందీ, ఒడియా అన్నీ వినబడతాయి. కుక్క గురించి ఫిర్యాదు అన్నింటిలోనూ వస్తుంది. "బిడ్డా, మీ కుక్క కరుస్తదా ఏంది?" అని ఎదురింటి పెద్దమ్మ అడిగితే, "ఏమనదు పెద్దమ్మా" అని అబద్ధమాడటం కన్నా, "దానికి భయం పెద్దమ్మా, జర ఇటు దూరంకెళ్లి పోండ్రి, దాని కండ్లలకు చూడకుండ్రి" అంటే ఆమెకూ ఒక పని అప్పజెప్పినట్టవుతుంది. 'కుక్క మంచిదే, రండి పట్టుకోండి' అని పిల్లల్ని ముందుకు తోయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

ఎద్దుకు కట్టినట్టే కుక్కకూ చిక్కం ఉంది. ప్లాస్టిక్ బుట్టలాంటి మజిల్‌లో అది నోరు తెరిచి వగర్చగలదు, నీళ్లు తాగగలదు, ముక్క తినగలదు. మూతిని బిగించి కట్టే గుడ్డపట్టీ పనికిరాదు. వారం పది రోజులు బుట్టలో ముక్కలేసి మూతి దానంతటదే పెట్టేలా అలవాటు చేస్తే, రద్దీ దారుల్లో అందరికీ ధైర్యం. రేబిస్ టీకా తప్పనిసరి. కాటు పడితే, గీత పడినా సరే, సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పసుపు, కారం పూయకూడదు. మనిషికి సోకే రేబిస్‌లో దాదాపు 99 శాతం కుక్కల వల్లే వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం.

ఎంత దూరంలో ఉన్నా కుదుటపడని కుక్కలు కొన్ని ఉంటాయి. వాటికి శిక్షణతో పాటు మందు కావాలి. ఫ్లూయాక్సెటిన్, క్లోమిప్రమైన్ లాంటి వాటిని పశువైద్యులు రాస్తారు. భయం నేర్చుకోనివ్వనంత ఎత్తులో ఉన్నప్పుడు ఇవి దాన్ని కాస్త దించి, పాఠం తలకెక్కే స్థితికి తెస్తాయి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర సగం విరిచి వేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

నయమంటే ఎంత

జనవరి 14న గుజరాత్ గాలిపటాల పండుగ ఉత్తరాయణ్ వస్తుంది. సూరత్ మేడలన్నీ మనుషులతో నిండిపోతాయి. పొద్దుటి నుంచి డీజేలు, కేకలు, చీకటి పడ్డాక టపాసులు. నెలల తరబడి బాగుపడిన కుక్క ఆ రెండు రోజుల్లో మొదటికొచ్చినట్టు కనబడుతుంది. పీటర్‌కు ట్యాక్సీ దగ్గర జరిగింది ఇదే. అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ బౌటన్ దశాబ్దాల ప్రయోగాల సారం ఏమిటంటే, పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం పేరుకుంటుంది. ఆ కొత్త పాఠం నేర్చిన చోటుకు, నేర్చిన పరిస్థితికి అతుక్కుని ఉంటుంది. చోటు మారినా, పెద్ద అదురు తగిలినా పాతది పైకి తేలుతుంది. అందుకే ఒకే గల్లీలో నేర్పి వదిలేయకూడదు, అందుకే ఉత్తరాయణ్ రోజు తలుపులు మూసి, ఫ్యాన్ చప్పుడులో లోపలి గదిలో ఉంచడం ఓటమి కాదు. నాలుగు రోజులు విశ్రాంతినిచ్చి, మొదట్లో పెట్టుకున్న దూరం నుంచి మళ్లీ మొదలుపెడితే రెండోసారి త్వరగా దగ్గరవుతుంది.

నయాన్ని కొలవడానికి నోటుబుక్కులో రెండు అంకెలు చాలు. ఎన్ని మీటర్ల దూరంలో ముక్క తినగలిగింది, మొరిగితే మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది. నెలకు నెలకు ఈ రెండూ తగ్గుతుంటే దారి సరైనదే. మొరగడం పూర్తిగా మానేసిందా అని చూస్తే నిరాశే మిగులుతుంది. ఊళ్లోని కుక్కలన్నింటితో స్నేహం చేసే కుక్క కావాలని ఎవరూ రాసిపెట్టలేదు, మనలో ఎంతమంది గల్లీలో అందరితో మాట్లాడతాం గనుక. ఇంకో కుక్కను పదిహేను మీటర్ల దూరంలో చూసి, మన వైపు తిరిగి, మన వెంట పక్క సందులోకి నడిచొచ్చే కుక్కతో డిగ్రీ పూర్తి చేయొచ్చు, ఉద్యోగానికి పోవచ్చు, పదేళ్లు హాయిగా బతకొచ్చు.